ఈరోజు డాక్టర్ నోలన్ పాత్రలో

జనవరి 7, 1963. సోమవారం

ఎడమ కాలు విరిగింది. మోకాలి కింద, రెండు చోట్ల. పాదం నుంచి తొడ దాకా పిండికట్టు వేశారు. గోక్కోవడానికి కూడా సందు లేదు.

శనివారం న్యూజెర్సీలో ఒక పెద్ద కొట్టు తెరుస్తుంటే వెళ్ళాను. మా సీరియల్‌ని పోషించేది స్నోబెల్ సబ్బు పొడి వాళ్ళు. వాళ్ళ డబ్బాలు గుట్టగా పేర్చిన చోట నిలబడి డాక్టర్ నోలన్‌లా నవ్వడం నా పని. నవ్వాను. ఒక ముసలావిడ చేతిలోంచి డబ్బా జారి పొడంతా నేల మీద ఒలికింది. ఆవిడ ఎక్కడ జారిపడుతుందోనని పట్టుకోబోయి నేను పడ్డాను. పత్రికల వాళ్ళకి కూడా ఇలాగే చెప్పాను.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నా ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూపించి, "మీకు నేను చెప్పేదేముంది డాక్టర్" అన్నాడు. గంభీరంగా తల ఊపాను. తొమ్మిదేళ్ళుగా ఎక్స్‌రేలు చూసి తల ఊపడం తప్ప నేను చేసిన వైద్యం లేదు. పోతూ పోతూ వాళ్ళమ్మ కోసం సంతకం పెట్టించుకున్నాడు. 'డాక్టర్ నోలన్' అనే పెట్టాను. వెర్నన్ హాస్కెట్ అని పెడితే ఆవిడ ఎవరనుకుంటుంది?

ఇవాళ మా నిర్మాత సాల్ బ్రెన్నర్ ఫోన్ చేశాడు. కుంటుతూ చేస్తానన్నాను. కుర్చీలో కూర్చుని చేస్తానన్నాను. కుదరదన్నాడు. ఊరందరి రోగాలూ నయం చేసే డాక్టరు తన కాలే విరగ్గొట్టుకుంటే సబ్బు పొడి వాళ్ళకి నచ్చదట. పైగా ఈ వారమే డాక్టర్ నోలన్ మేయరుగారి మెదడుకి ఆపరేషన్ చెయ్యాలి. అంచేత నా కట్టు విప్పేదాకా ఎవరో కుర్రాణ్ణి పెడతాడట.

"ఆరు వారాలే వెర్నన్. జనం నీకోసం గోలగోల చేస్తారు చూడు. నువ్వు తిరిగొచ్చిన రోజు పండగే" అన్నాడు.

అదీ నిజమే. నాకేం భయం లేదు.

జనవరి 8, మంగళవారం

చూశాను. ఇంట్లో పడుకుని నా సీరియల్ నేను చూడడం ఇదే మొదలు. రోజూ ఒంటిగంటన్నరకి నేను ఆ పెట్టె లోపల ఉండేవాణ్ణి. మాది అప్పటికప్పుడు ఆడి అప్పటికప్పుడు ప్రసారం చేసే వ్యవహారం. తప్పు పోయినా ఒప్పు పోయినా అంతే సంగతులు.

ఆర్గన్ సంగీతం మోగగానే అనౌన్సరు గొంతు సవరించుకుని, చావు కబురు చెప్పినంత నిదానంగా, "ఈరోజు డాక్టర్ నోలన్ పాత్రలో క్రెయిగ్ హాల్‌స్టెడ్" అన్నాడు. అంతే. మా వృత్తిలో ఇది ఆచారం. మనిషి మారితే ఒక్క వాక్యం చెబుతారు, తర్వాత కథ మామూలుగా నడుస్తుంది. నిన్న ఒక మొహంతో పడుకున్న మొగుడు ఇవాళ ఇంకో మొహంతో లేచి వస్తాడు. పెళ్ళాం కాఫీ పోస్తుంది. పిల్లలు నాన్నా అంటారు. వెల్‌బ్రూక్ అనే ఆ ఊళ్ళో ఎవరికీ చూపు ఆనదు.

కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మిసెస్ స్కార్పెల్లి నాతోపాటు కూర్చుని చూసింది. ఆవిడ భర్తకి మాంసం కొట్టు ఉండేది, పోయాడు. ఆవిడ టీవీ కూడా పోయింది. అప్పట్నుంచి నేను స్టూడియోకి వెళ్ళాక తాళంచెవితో లోపలికి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా టీవీలో నన్ను చూస్తూ ఉండేది. నన్ను డాక్టర్ బాబూ అంటుంది. మోకాళ్ళ నొప్పికి ఏం వాడాలో అడుగుతుంది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకోమంటాను. తగ్గిందనే చెబుతుంది.

"వీడెవడు?" అంది ఆవిడ.

"నేనే."

"నువ్వు ఇక్కడున్నావు కదా. ఆ హెలెన్ వాడికి కాఫీ ఎందుకు పోస్తోంది?"

"మొగుడనుకుంటోంది."

"దానికి సిగ్గులేదు" అని ఆవిడ తీర్పు చెప్పేసింది. ఆ పూటే సబ్బు పొడి కంపెనీకి ఉత్తరం రాసి తపాలా బిళ్ళ అంటించింది. ఇలాంటివాళ్ళు దేశంలో లక్షల మంది ఉన్నారు.

జనవరి 9, బుధవారం

హెలెన్ వేషం వేసే మేవిస్ ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలని నేనేమీ అనుకోలేదు. టీవీలో పెళ్ళామైనంత మాత్రాన ఫోన్ చెయ్యాలని రూలేం లేదు.

జనవరి 11, శుక్రవారం

హాల్‌స్టెడ్‌ని నిష్పక్షపాతంగా పరిశీలించాను. వయసు ముప్ఫై దాటి ఉండదు. డాక్టర్ నోలన్ మొదటి పెళ్ళాం కన్న పదిహేనేళ్ళ కొడుకుగా వేసే కుర్రాడు అతనికి తమ్ముడిలా ఉన్నాడు. పళ్ళు ఎక్కువ. స్టెతస్కోపు నిజంగానే చెవుల్లో పెట్టుకుంటాడు. నేను తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పెట్టుకోలేదు, విగ్గు కదులుతుంది. మేయరుగారి తల కోస్తున్నప్పుడు అతని నుదుటి మీద చెమట కూడా పట్టింది. నిజమైన డాక్టర్లకి చెమట పట్టదు. పట్టినా కెమెరా వైపు పట్టదు.

జనవరి 18, శుక్రవారం

బ్రెన్నర్ సెక్రటరీకి ఫోన్ చేసి, ఉత్తరాలేమైనా వచ్చాయా అని యథాలాపంగా అడిగాను.

"చాలా వచ్చాయి మిస్టర్ హాస్కెట్. బస్తాలకి బస్తాలు."

"నా గురించేనా?"

ఎక్కువగా హాల్‌స్టెడ్ పళ్ళ గురించి వచ్చాయని చెప్పింది ఆ అమ్మాయి.

జనవరి 22, మంగళవారం

మిసెస్ స్కార్పెల్లి తిట్టడం మానేసింది. ఇవాళ మేయరు కళ్ళు తెరిచినప్పుడు ఏడ్చింది కూడా. కుర్రాడు ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడని మెచ్చుకుంది. ఆపరేషన్ చేసింది రచయితలు, బతికింది మేయరు వేషం వేసే ముసలాడి కాంట్రాక్టు అని చెప్పబోయి ఊరుకున్నాను.

జనవరి 29, మంగళవారం

ఇవాళ మిసెస్ స్కార్పెల్లి నన్ను "వెర్నన్" అని పిలిచింది.

మోకాళ్ళెలా ఉన్నాయని నేనే అడిగాను. మళ్ళీ పట్టేశాయట. కాపడం పెట్టుకోమన్నాను. "ఏమో నాయనా, దేనికైనా మంచిది, డాక్టరుగారికి ఉత్తరం రాసి అడుగుతాను" అంది.

ఫిబ్రవరి 3, ఆదివారం

మేవిస్ వచ్చింది. కోడిని కాల్చి తెచ్చింది. ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు పచ్చి. హెలెన్ నోలన్ని చూసి వంట నేర్చుకునే ఆడవాళ్ళు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. మేవిస్ డెలానీ ఇంట్లో ఓవెన్ తెరిస్తే లోపల స్వెట్టర్లు ఉంటాయి. అయినా తిన్నాను.

రాగానే మంచం పక్కన కూర్చుని, కట్టు మీద వేలితో కొట్టి చూసింది. "ముసలావిడ లేదటగా" అంది.

"ఏ ముసలావిడ?"

"నువ్వు కాపాడబోయినావిడ. చప్పట్లు ఆగిపోయాక మళ్ళీ ఇంకోసారి వంగి దణ్ణం పెట్టబోయి జారావట. సబ్బు కంపెనీ వాళ్ళే చెప్పారు."

గిట్టనివాళ్ళు వంద చెబుతారు. మాట మార్చాలని, కొత్త మొగుడు ఎలా ఉన్నాడని అడిగాను.

"మంచి కుర్రాడు. డైలాగులు బట్టీపట్టి వస్తాడు. నువ్వు నీ డైలాగులన్నీ నా ఏప్రన్ మీద అంటించేవాడివి గుర్తుందా? కాఫీ కప్పు మీద, పంచదార గిన్నె మీద, ఒకసారి రొట్టె మీద కూడా. అది నేను చూసుకోకుండా తినేశాను. ఇతను నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూస్తాడు, బొడ్డు వైపు కాదు."

"అయితే హాయిగా ఉందన్నమాట."

"హాయిగానే ఉంది" అని కిటికీలోంచి చూసింది. "పొద్దున్న పదింటికల్లా రిహార్సల్ అయిపోతోంది. అందరం గంటసేపు ఊరికే కూర్చుంటున్నాం. నువ్వుంటే ఆ గంటా నిన్ను తిట్టడంతో సరిపోయేది."

వెళ్ళేటప్పుడు కోడి గిన్నె తిరిగి తీసుకెళ్ళింది. నేను లేనందుకు ఆవిడకి బెంగగా ఉందని నాకు అర్థమైంది. పాపం బయటపడదు. నాకైతే అలాంటిదేమీ లేదు. నాకు కావలసింది నా వేషం.

ఫిబ్రవరి 19, మంగళవారం

కట్టు విప్పారు. కాలు ఉడకబెట్టిన ఆకుకూర కాడలా ఉంది. చేతికర్రతో నడవమన్నారు. రేపే స్టూడియోకి వెళతాను.

ఫిబ్రవరి 20, బుధవారం

బ్రెన్నర్ తలుపు మూసి, నాకు మెత్తటి కుర్చీ వేశాడు. అప్పుడే అర్థమవ్వాల్సింది. ఆ గదిలో మెత్తటి కుర్చీ పోయేవాళ్ళకే వేస్తాడు.

అందరూ నన్ను తలుచుకుంటున్నారన్నాడు. నా ఆరోగ్యం ముఖ్యమన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"జనం అలవాటు పడిపోయారు వెర్నన్. నాకు మాత్రం ఇష్టమా? మొగుడు మారాడంటే ఒకసారి మింగారు. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ మార్చి ఇదిగో పాతవాడంటే కక్కేస్తారు."

"నేను తొమ్మిదేళ్ళు మొగుణ్ణి సాల్. వాడు ఆరు వారాలు."

"అదే నాకూ ఆశ్చర్యంగా ఉంది" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు ఉన్నాడు.

మా కాంట్రాక్టులు పదమూడు వారాలకొకసారి తిరగరాస్తారు. నాది మార్చి 29తో అయిపోతుంది. మళ్ళీ రాయరు. అప్పటిదాకా ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు.

బయటికి వస్తుంటే వంటింటి సెట్టు దీపాలు వేసి ఉంది. నా కుర్చీలో హాల్‌స్టెడ్ కూర్చుని డైలాగులు చదువుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని రోజూ నన్ను చూసేవాణ్ణని చెప్పాడు. లెక్క ప్రకారం అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు. చేతికర్ర ఎత్తబోయాను, కానీ అది లేకపోతే నేను నిలబడలేను.

ఫిబ్రవరి 21, గురువారం

బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 25, సోమవారం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నేను పోయి ఏడు వారాలైంది, నా కళ్ళు బఠాణీ గింజంతైనా ఎవరికీ గుర్తులేవు. మాంసం కొట్టులో ఒకావిడ నన్ను పట్టి పట్టి చూసి, మీరు మా బావగారి బీమా ఏజెంటు కదా అంది. అవునన్నాను.

మార్చి 7, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే బ్రెన్నర్ ఫోను. హాల్‌స్టెడ్ ఏదో సినిమాలో వేషం కోసం పరీక్షకి కాలిఫోర్నియా వెళ్ళాడట, తిరిగొస్తూ షికాగోలో మంచులో చిక్కుకున్నాడట. విమానాలు లేవు. ఒంటిగంటన్నరకి డాక్టర్ నోలన్ వంటింట్లో కాఫీ తాగాలి. దేశంలో ఆ కుర్చీలో కూర్చోవడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కరోజు వచ్చిపొమ్మన్నాడు.

ఇలాంటప్పుడు మనిషికి పౌరుషం ఉండాలి. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన ఫోను పెట్టేలోపే వస్తున్నానన్నాను. రెండుసార్లు గడ్డం గీసుకున్నాను.

మేకప్ గదిలో కొత్త అమ్మాయి నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, డాక్టర్ నోలన్‌లా కనిపించాలంటే బుగ్గల కింద కొంచెం నీడ వెయ్యాలంది. వెయ్యమన్నాను.

ఒక్క షరతు పెట్టాను. అనౌన్సరు ఏమీ చెప్పకూడదు. నా వేషానికి నేనే బదులేమిటని బ్రెన్నర్‌ని అడిగాను.

"చెప్పకపోతే ఎలా వెర్నన్? ఎవడో దొంగ ఇంట్లో దూరాడనుకుని పోలీసులకి ఫోన్ చేస్తారు జనం."

చెప్పారు. ఆర్గన్ మోగింది, అనౌన్సరు గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు డాక్టర్ నోలన్ పాత్రలో వెర్నన్ హాస్కెట్." శుక్రవారాలు చివర్లో పేర్లు చీమల బారులా పరిగెత్తినప్పుడు తప్ప, తొమ్మిదేళ్ళలో నా పేరు ప్రసారంలో రావడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చాను. కొంచెం బాగానే అనిపించింది కూడా.

డైలాగులు అంటించుకునే వ్యవధి లేదు. మేవిస్ ఏప్రన్ ఖాళీగా ఉంది. సీను చిన్నదే. హెలెన్ కాఫీ పోసి, "రొట్టె కావాలా?" అంటుంది. నోలన్ పేపరు చూస్తూ, "ఆకలిగా లేదు" అంటాడు. తర్వాత ఫోను మోగుతుంది. ఇంతే. కుక్క కూడా చెయ్యగలదు.

మేవిస్ కాఫీ పోసింది. రంగు కలిపిన చల్లటి నీళ్ళు. కప్పు నా ముందు పెట్టింది. పెట్టి, చెయ్యి తియ్యలేదు.

"ఎక్కడికి పోయావు వెర్న్, ఇన్నాళ్ళూ?" అంది.

రొట్టె సంగతి ఎత్తలేదు. వెర్న్ అంది. దేశం మొత్తం వింటుండగా అంది. నేను ఏప్రన్ వైపు చూశాను, అక్కడేం లేదు. ఆవిడ మొహంలోకి చూశాను.

"కాలు విరిగింది" అన్నాను.

ఫోను మోగించాల్సినవాడు మోగించలేదు. సీను అయిపోయిందనుకుని ఆర్గన్ ఆయన విషాదంగా వాయించడం మొదలుపెట్టాడు. సబ్బు పొడి ప్రకటన వచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమంటారు. మా దగ్గర అది సామెత కాదు, రూలు. ప్రసారంలో ఒకసారి అన్నది వెల్‌బ్రూక్‌లో జరిగినట్టే లెక్క. వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. రచయితలు ఎలాగోలా దాన్ని నిజం చెయ్యాలి. బ్రెన్నర్ కేకలు మెట్ల దాకా వినపడ్డాయి. మేవిస్ మేకప్ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు కొట్టాను, తియ్యలేదు. ఇంటికి వచ్చేశాను.

మార్చి 8, శుక్రవారం

హాల్‌స్టెడ్ వచ్చాడు. తొడ దాకా పిండికట్టుతో.

డాక్టర్ నోలన్ ఆసుపత్రి మెట్ల మీద జారిపడ్డాడట. సబ్బు పొడి వాళ్ళు ఒప్పుకోక చస్తారా? నిన్న మధ్యాహ్నం దేశమంతా విన్నది. కనీసం ఆరు వారాలు ఆ కట్టు మోయాలి వాడు. మంచి కట్టే, నాదానికన్నా తెల్లగా ఉంది. గోక్కోవాలనిపించినప్పుడు ఏం చేస్తాడో చూడాలి.

మిసెస్ స్కార్పెల్లి నిన్నటి గురించి చెప్పింది. "నిన్న ఎవరో కొత్తాయన్ని పెట్టారు. పాపం బాగా చిక్కిపోయాడు. కాస్త నీ పోలికే" అంది.

మార్చి 13, బుధవారం

దేశానికి పిచ్చెక్కింది. ఎవరీ వెర్న్? పొద్దున్నే మొగుడికి కాఫీ పోస్తూ హెలెన్ నోరుజారి ఎవరి పేరు పలికింది? బ్రెన్నర్ సెక్రటరీ చెప్పింది, బస్తాలు పెట్టడానికి చోటు లేక నడవలో పేరుస్తున్నారట. ఒక పాదిరీగారు హెలెన్ కోసం ప్రార్థన చేయించారట.

"నాకు ముందునుంచీ అనుమానమే" అంది మిసెస్ స్కార్పెల్లి. "దాని చూపులు మంచివి కావు. బంగారంలాంటి డాక్టర్ని పెట్టుకుని, ఎవడో వెర్నట."

"నా పేరు కూడా వెర్ననే కదండీ" అన్నాను.

"నీ పేరు వాడు పెట్టుకుంటే నువ్వేం చేస్తావు నాయనా. బాధపడకు."

మార్చి 18, సోమవారం

బ్రెన్నర్ మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. స్వీట్ల పెట్టె తెచ్చి తనే తిన్నాడు.

జనం వెర్న్‌ని అడుగుతున్నారు, వెర్న్ ఒకడు ఉండాలి కదా అన్నాడు. పెళ్ళికి ముందు హెలెన్ ప్రేమించినవాడట. యుద్ధంలో పోయాడనుకున్నారట. పోలేదట. ఇప్పుడు వెల్‌బ్రూక్‌కి తిరిగొచ్చి, కాలు విరిగి మంచమెక్కిన డాక్టరుగారి ఇంటి తలుపు కొడతాడట. తాగుతాడు, పేకాడతాడు, మంచి కోటు వేసుకుంటాడు.

"నన్ను వెయ్యమంటావా?"

"పేరు నీదే కదా. పలకడం కూడా సులువు."

"నన్ను చూసి జనం నోలన్ అనుకోరూ? తొమ్మిదేళ్ళు నా మొహమే చూశారు."

బ్రెన్నర్ నన్ను జాలిగా చూశాడు. ఆ సంగతి ఆయన అప్పుడే కొంతమందికి నా ఫోటో చూపించి కనుక్కున్నాడట. ఎవరూ పోల్చుకోలేదట.

మార్చి 19, మంగళవారం

చెయ్యను. నేను ఆ ఊళ్ళో సగం మందికి పురుళ్ళు పోశాను. కలరా ఆపాను. తప్పుడు కేసులో జైలుకి కూడా వెళ్ళొచ్చాను. ఇప్పుడు తాగుబోతు వేషంలో వెళ్ళి నా సంసారంలో నేనే నిప్పులు పొయ్యాలా? నా పెళ్ళాన్ని నేనే లేవదీసుకుపోవాలా?

మార్చి 20, బుధవారం

చెయ్యనని ఫోన్ చేసి చెప్పాను. మళ్ళీ ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేదేం లేదన్నాను.

మార్చి 21, గురువారం

కోటు ఏ రంగని మాత్రం అడిగాను.

మార్చి 23, శనివారం

మేవిస్ వచ్చింది. ఈసారి ఏమీ వండలేదు, అందుకు దేవుడికి దణ్ణం. కోటు విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఎందుకు చెయ్యనంటున్నావని అడిగింది.

నేను చాలా మాట్లాడాను. కళ గురించి, గౌరవం గురించి. తొమ్మిదేళ్ళు నిర్మించుకున్న పాత్ర గురించి. నిజానికి బాగానే మాట్లాడాను. మధ్యలో ఆపి, అసలు నువ్వు వెర్న్ అని ఎందుకు అన్నావు, అనకపోతే ఈ గొడవే లేదు కదా అని ఆవిడ మీద పడ్డాను.

"మర్చిపోయాను" అంది.

"ఏం మర్చిపోయావు?"

"కెమెరాలు. సబ్బు పొడి. రొట్టె. అన్నీ మర్చిపోయాను. రెండు నెలలు ఆ కుర్రాడికి పోసీ పోసీ, తలెత్తితే నువ్వు కూర్చుని ఉన్నావు." చేతి తొడుగు ఒకటి విప్పి మళ్ళీ వేసుకుంది. "నేనెప్పుడూ డాక్టరుకి కాఫీ పొయ్యలేదు వెర్న్. తొమ్మిదేళ్ళూ నీకే పోశాను. నువ్వది గమనించలేదు, ఎంతసేపూ నా ఏప్రన్ చదువుకుంటూ కూర్చున్నావు."

అది కాఫీ కాదు, రంగునీళ్ళు అన్నాను. ఆ సమయానికి నోటికి అదే వచ్చింది. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

"రంగునీళ్ళే" అని ఒప్పుకుంది. "ఆ వేషం నిన్ను తప్ప ఇంకెవరిని పెట్టినా నేను మానేస్తానని సాల్‌తో చెప్పాను. కేకలు వేశాడు. నేనూ వేశాను. ఇక నీ ఇష్టం. డాక్టర్ నోలనే కావాలంటే ఇక్కడే కూర్చుని టీవీలో చూసుకో. నేను కావాలంటే సోమవారం కాదు, పై సోమవారం, వచ్చి తలుపు కొట్టు."

వెళ్ళిపోయింది. మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. నాకు కావలసింది నా వేషమని ఆ మధ్య ఈ పుస్తకంలో రాశాను. కాదు. ఆవిడకి ఎదురుగా కూర్చోవడం.

మార్చి 24, ఆదివారం

బ్రెన్నర్‌కి ఫోన్ చేసి చేస్తానన్నాను. పాపం ఆయన అంతగా బతిమాలాడు కాబట్టి.

మార్చి 29, శుక్రవారం

ఇవాళ్టితో డాక్టర్ నోలన్‌కీ నాకూ రుణం తీరింది. మిసెస్ స్కార్పెల్లికి, సోమవారం నుంచి నేను టీవీలో కనిపిస్తానని చెప్పాను. "నువ్వు కూడానా? ఏం వేషం?" అని సంబరపడింది. వెర్న్ అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. మర్యాదస్తుల ఇంట్లో అలాంటివాణ్ణి అద్దెకి ఉండనిచ్చారని తెలిస్తే చుట్టాలేమంటారని బాధపడింది.

ఏప్రిల్ 1, సోమవారం

ఏప్రిల్ ఫూల్ రోజున మొదలుపెట్టారు. ఎవరూ కావాలని చెయ్యలేదట.

విగ్గు తీసేశారు. వెర్న్ యుద్ధంలో నానా బాధలూ పడ్డాడు, అతనికి జుట్టెందుకని బ్రెన్నర్ అన్నాడు. బట్టతలకి పౌడరు అద్దారు. బూడిదరంగు కోటు, పెద్ద కాలరు. అద్దంలో మా నాన్న కనిపించాడు. హాల్‌స్టెడ్ కట్టు కాలితో కుంటుకుంటూ వచ్చి, శుభం జరగాలని కోరుకుంటూ చెయ్యి కలిపాడు. లోపల చీమ దూరినట్టుందని, ఏం చెయ్యాలని అడిగాడు. అల్లిక సూది లోపలికి పోనివ్వమని చెప్పాను. తొమ్మిదేళ్ళలో నేను చేసిన నిజమైన వైద్యం అదే.

సెట్టులో తలుపు బయట నిలబడ్డాను. ఆ తలుపుకి బయటి వైపు రంగు వెయ్యలేదని ఇవాళే చూశాను. లోపలి వైపు నుంచే నాకు తెలుసు.

సీను మూడు ముక్కలు. వెర్న్ తలుపు కొడతాడు. హెలెన్ తీస్తుంది. "వెళ్ళిపో వెర్న్. నాకు పెళ్ళయింది" అంటుంది. వెర్న్ తల దించుకుని "తెలుసు" అంటాడు. హెలెన్ అతని మొహం మీద తలుపు వేసేస్తుంది. ఆర్గన్. సబ్బు పొడి.

డైలాగు బట్టీపట్టాను. ఒక్క మాటే కాబట్టి కష్టం కాలేదు.

కొట్టాను. మేవిస్ తీసింది. ఏప్రన్ కట్టుకుని ఉంది. మొహంలో రంగు లేదు, మేకప్ ఎంతుందో తెలియదుగానీ రంగు మాత్రం లేదు. ఎక్కడా తడబడకుండా, స్క్రిప్టులో ఎలా ఉందో అలా, "వెళ్ళిపో వెర్న్. నాకు పెళ్ళయింది" అంది.

హెలెన్‌కి పెళ్ళయింది ఇదే స్టూడియోలో, దాదాపు తొమ్మిదేళ్ళ కిందట, జూన్‌లో. కేకు అట్టది. పాదిరీకి జలుబు. ఉంగరం నా వేలికి పట్టకపోతే మేవిస్ సబ్బు రాసి తోసింది. ఆ రోజు నేను ఆమె ఏప్రన్ మీద చదవడానికి ఏమీ లేదు, ఆమె పెళ్ళి గౌనులో ఉంది. ప్రమాణం మొత్తం నేను గుర్తుపెట్టుకునే చెప్పాను.

"తెలుసు" అన్నాను. తల దించుకోలేదు. "నేనూ అక్కడే ఉన్నాను."

కంట్రోలు గదిలో బ్రెన్నర్ తల పట్టుకున్నాడట. వెర్న్ ఆ పెళ్ళికి ఎలా వచ్చాడో, ఏ మూల నిలబడ్డాడో, ఎందుకు ఆపలేదో, రచయితలు ఇప్పుడు అదంతా రాసుకు చావాలి. నాకవేవీ అప్పుడు తట్టలేదు. నేను తలుపు మొహం మీద పడడం కోసం చూస్తూ నిలబడ్డాను.

మేవిస్ తలుపు వెయ్యలేదు.